అరుదైన మూత్రపిండ వ్యాధి: దగ్గరి వైద్యుడు, దూరపు నిపుణుడు

మీరు నర్మెట్టలోనో, గార్లలోనో, మహాదేవపూరులోనో నివసించుచున్నారనుకొందము. మీ యింట నొకరికి ముఖము వాపుతోనో, ఎఱ్ఱని మూత్రముతోనో, వయస్సునకు తగిన ఎదుగుదల లేకపోవుటతోనో ఆరంభమైన అనారోగ్యము, ఊరిలోని మందులకు లొంగక, పట్టణములోని ఆసుపత్రులన్నియు తిరిగిన పిమ్మట, ఎట్టకేలకు ఒక నిపుణుని కలము నుండి, ఇంటిల్లిపాదిలో నెవరికిని నోరు తిరుగని యొక పేరుగా కాగితముపై వెలసినది. పేరు తెలిసినందులకు ఊరట పొందవలెనో, ఆ పేరునకు భయపడవలెనో తెలియని ఆ స్థితిలో మీ మనస్సున మెదలు ప్రశ్న యొక్కటే: "దీనికి మా దగ్గర వైద్యము చేయగల డాక్టరు ఎవరు?"

ప్రశ్న మిక్కిలి సహజమైనది. అయినను దానిని కొంచెము మార్చి అడిగినచో మార్గము సుగమమగును. మీకు కావలసినది ఒక వైద్యుడు కాదు, ఇద్దరు. వ్యాధిని నిర్ధారించి, చికిత్సాక్రమమును నిశ్చయించి, కొన్ని మాసముల కొకసారి దానిని పునఃపరిశీలించు నిపుణుడు ఒకరు. ఆయన దూరమున నున్నను బాధ లేదు. ఆ క్రమమును నెలనెలా అమలు జరిపి, జ్వరము వచ్చిన రోజున నాడి చూచి, సందేహము కలిగినప్పుడు నిపుణునితో సంప్రదించు వైద్యుడు మఱియొకరు. ఆయన మాత్రము దగ్గరనే యుండవలెను. ఈ యిద్దరిని వెదకి, వారి నడుమ మీ వైద్య దస్త్రమును వారధిగా నిలుపుకొనుట యెట్లో చెప్పుటయే ఈ అధ్యాయమునకు ప్రయోజనము.

అరుదైన మూత్రపిండ వ్యాధులు ఒకటి రెండు కావు. వైద్యశాస్త్రము గుర్తించినవి నూటయేబదికి తక్కువ కావు. వానిలో పెక్కింటిని, జిల్లా కేంద్రములో ముప్పది యేండ్లు పేరు గడించిన వైద్యుడు సైతము ఒక్కసారియైనను చూచి యుండకపోవచ్చును. ఇది ఆయన లోపము కాదు, మీ దురదృష్టమును కాదు. మీ వ్యాధిని ఇంతకుముందు చూచిన వైద్యుడు మీ ఊరికి దగ్గరలో లేడని తెలిసినంతమాత్రమున, దానిని చూచుకొనగల వైద్యుడు లేడని నిశ్చయింపకుడు. చూచి యుండుట వేరు, చూచుకొనుట వేరు.

2016 అక్టోబరు 11వ తేదీన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడునాటికి ఈ ప్రాంతములో పెద్ద వైద్యమనగా అందరికిని వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రియే గుర్తునకు వచ్చెడిది. నేడు మహబూబాబాదులో 2022 నుండియు, జనగామ, భూపాలపల్లులలో 2023 నుండియు ప్రభుత్వ వైద్య కళాశాలలు నడచుచున్నవి. కళాశాల యున్నచోట జనరల్ మెడిసిన్ విభాగము, పిల్లల వైద్య విభాగము, ప్రయోగశాల ఉండును. బోధించు ఆచార్యులు, నేర్చుకొను యువవైద్యులు ఉందురు. మూత్రపిండ నిపుణుడు అక్కడ ప్రతిదినమును దొరకకపోయినను, మీ దగ్గరి వైద్యుని వెదకుట ఆరంభించుటకు అది తగిన చోటు.

ఇక మెట్లను ఒక్కొక్కటిగా ఎక్కుదము.

1. వ్యాధి పేరును సంపూర్ణముగా వ్రాయించుకొనుడు

"కిడ్నీలు ఖరాబైనయన్నరు" అని చెప్పిన రోగికి ఏ వైద్యుడు మాత్రము ఏమి సహాయము చేయగలడు? మూత్రపిండములు చెడుట వ్యాధికి ఫలితము. అది వ్యాధి పేరు కాదు. "నెఫ్రోటిక్ సిండ్రోమ్" అన్నది సైతము సంపూర్ణమైన పేరు కాదు; మూత్రములో మాంసకృత్తు విశేషముగా పోయి, దేహము వాచు స్థితికి అది సామాన్య నామము. దాని వెనుక మినిమల్ చేంజ్ డిసీజ్ ఉండవచ్చును, మెంబ్రేనస్ నెఫ్రోపతీ ఉండవచ్చును, మఱియొకటి ఉండవచ్చును. వాని చికిత్సలును, భవిష్యత్తును భిన్నములు.

కావున నిపుణుని యెదుట కూర్చున్నప్పుడు మూడు పంక్తులు అడిగి వ్రాయించుకొనుడు: వ్యాధి పూర్తి పేరేమి? దానిని దేని ఆధారముతో నిర్ణయించినారు, బయాప్సీతోనా, రక్తపరీక్షతోనా, జన్యుపరీక్షతోనా? నేడు మూత్రపిండముల పని ఏ స్థితిలో నున్నది? ఈ మూడు పంక్తులు ఏ వైద్యుని చేతిలో పెట్టినను ఆయన ఆలోచన అక్కడినుండి ముందుకు సాగును. అవి లేనిచో మొదటినుండి ఆరంభింపవలసి వచ్చును.

ఇంకను పేరు తేలని వారి మాటేమి? మధుమేహము, రక్తపోటు లేని యువకునకు క్రియాటినిన్ పెరుగుట, మూత్రములో రక్తముతోపాటు వినికిడి తగ్గుట, పిల్లవానికి ఎముకలు వంగి ఎదుగుదల నిలిచిపోవుట, కాళ్లుచేతులు హఠాత్తుగా పడిపోయి పొటాషియం మిక్కిలి తక్కువగా కనబడుట, ఒకే కుటుంబములో ఇద్దరు ముగ్గురు మూత్రపిండ వ్యాధిగ్రస్తు లగుట: వీనిలో ఏ యొక్కటి యున్నను "ఇది అరుదైన వ్యాధి కావచ్చునా?" అని వైద్యుని వినయముతో, కాని స్పష్టముగా అడుగుడు. బయాప్సీ అవసరమని చెప్పినచో బెదరి వెనుదిరుగకుడు. చోటు మొద్దుబారుటకు మందిచ్చి, అల్ట్రాసౌండ్ సహాయముతో సన్నని సూది ద్వారా అణుమాత్రమైన భాగమును తీయుదురు. రక్తస్రావమునకు కొంత అవకాశమున్నందున ఆసుపత్రిలో కొన్ని గంటలో, ఒక రాత్రియో కనిపెట్టి యుందురు. అంతటితో వచ్చు సమాచారము ఏండ్ల తరబడి మీ చికిత్సకు ఆధారమగును.

2. ఎవరు ఏ వైద్యులో తెలిసికొనుడు

"కిడ్నీ డాక్టరు" అను ఒక్క పేరుతో జనులు ఇద్దరు భిన్నమైన వైద్యులను పిలుచుచున్నారు. మూత్రపిండములలో రాళ్లు, అడ్డంకులు, శస్త్రచికిత్సలు చూచువారు యూరాలజిస్టులు. వారి పట్టము సాధారణముగా ఎం.సిహెచ్. వడపోత చెడుట, మాంసకృత్తు పోవుట, లవణముల సమతౌల్యము తప్పుట, డయాలసిస్, మార్పిడి తరువాతి సంరక్షణ చూచువారు నెఫ్రాలజిస్టులు. వారి పట్టము సాధారణముగా నెఫ్రాలజీలో డి.ఎం. లేదా దానికి సమానమైన బోర్డు పట్టము. అరుదైన వ్యాధులలో అధిక భాగము నెఫ్రాలజిస్టు పరిధిలోనివి. రోగి బిడ్డయైనచో వీలైనంతవరకు పీడియాట్రిక్ నెఫ్రాలజిస్టును దర్శింపుడు. పెద్దల మందుల మోతాదును తగ్గించినంతనే పిల్లల వైద్యము కాదు.

బోర్డుపై వ్రాసిన అక్షరముల అర్థము తెలియనిచో సిగ్గుపడవలసిన పని లేదు. వైద్యుని పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య తెలంగాణ మెడికల్ కౌన్సిల్ పట్టికలో సరిచూచుకొనుట మీ హక్కు. ఊరిలో ఆపదకు పలుకు ఆర్.ఎం.పి.ని మీరు గౌరవించుచుండవచ్చును. ఆయనకును మీ వ్యాధి పేరు చెప్పి, "సార్లను అడగకుండ సూది మందు, నొప్పి గోలి ఇయ్యొద్దు" అని ముందుగానే చెప్పియుంచుడు.

3. దూరపు నిపుణుని ఒకరినే నిశ్చయించుకొనుడు

మన ప్రాంతమునకు మార్గము రెండు దశలుగా నున్నది. మొదటి దశ వరంగల్: 1959లో స్థాపితమైన కాకతీయ వైద్య కళాశాల, దానికి అనుబంధమైన ఎం.జి.ఎం., కళాశాల ప్రాంగణములోని సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి. రెండవ దశ హైదరాబాదు: పంజాగుట్టలోని నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల నెఫ్రాలజీ విభాగములు. జనగామ, మహబూబాబాదు వారు రైలులో నేరుగా సికింద్రాబాదు చేరవచ్చును. భూపాలపల్లి వారు హనుమకొండ వరకు బస్సులో వచ్చి ప్రయాణము సాగింపవలెను.

వ్యాధి జన్యుసంబంధమని అనుమానమున్నచో మఱియొక ద్వారము కలదు. కేంద్ర ప్రభుత్వము 2021లో ప్రకటించిన జాతీయ అరుదైన వ్యాధుల విధానము క్రింద హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి., నిమ్స్ కలిసి ఒక విశిష్ట కేంద్రముగా గుర్తింపబడినవి. జన్యుపరీక్ష, వంశక్రమ పరిశీలన, కుటుంబమునకు సలహా, ఆర్థిక సహాయమునకు దరఖాస్తు, వీనికి అది మన రాష్ట్రములో వెళ్లవలసిన చోటు.

ఒక్క నిపుణునితో స్థిరపడుట యెందులకు? ఈ వ్యాధులలో చికిత్స ఫలించినదో లేదో తెలియుటకు కొన్నిట మాసములు పట్టును. రెండవ అభిప్రాయము తప్పక తీసికొనుడు. బయాప్సీ నివేదికతోపాటు ప్రయోగశాలలో భద్రపరచిన బ్లాకును, స్లైడులను అడిగి మఱియొక నిపుణునికి చూపవచ్చును. అది వివేకము. కాని నాలుగు వారములకు ఒకరు చొప్పున వైద్యులను మార్చుచు, ఒకరి మందు ఫలింపకమునుపే మఱియొకరి మందు మ్రింగుట దేహమునకు హాని, ధనమునకు నష్టము.

4. దగ్గరి వైద్యుని గుణమును బట్టి ఎన్నుకొనుడు

ఇది ఈ అధ్యాయమునకు హృదయము. మీ దగ్గరి వైద్యుడు నెఫ్రాలజిస్టు కానక్కరలేదు. జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. చేసిన వైద్యుడైనను, పిల్లల వైద్యుడైనను చాలును. ఆయనయందు మీరు చూడవలసిన గుణములు నాలుగు. తెలియని దానిని తెలియదని చెప్పగల నిజాయితీ. నిపుణుని చీటీని ప్రక్కకు నెట్టక చదువు ఓపిక. అవసరమైనప్పుడు ఆ నిపుణునితో మాటాడుటకు సంకోచింపని స్వభావము. మీరు చేరగల సమయములో, చేరగల దూరములో ఉండుట. "ఈ రోగము నాకు కొత్త, మీ కాగితములు చదివి రేపు చెప్పెదను" అన్న వైద్యుని చూచి నిరుత్సాహపడుచున్నారా? ఆయనయే మీరు వెదకుచున్న వైద్యుడు కావచ్చును.

ఎట్లు అడుగవలెనో తెలియక పెక్కుమంది నోరు మెదపరు. జనగామ ఆసుపత్రిలో ఒక తండ్రి ఇట్లు అడిగెననుకొనుడు:

"సారూ, మా బిడ్డకు హైదరాబాదుల పెద్ద సారు ఈ మందులు రాసిండు. నెలనెలా రక్తం, మూత్రం పరీక్షలు ఇక్కడ్నే చేయించుకొమ్మన్నడు. మీరు ఆ రిపోర్టులు చూసి, ఏమన్న తేడా ఉంటే ఆ సారుతోని ఒక్కమాట మాట్లాడుతరా? గీ కాగితంల ఆయన రాసిచ్చిండు."

ఇందులో వైద్యుని భుజములపై మోయలేని భారము పెట్టుట లేదు. చేయవలసిన పని స్పష్టము, దానికి తోడు దొరకు చోటును స్పష్టము. ఇట్లడిగినప్పుడు కాదనువారు తక్కువ. ఒకరు కాదన్నను కోపగింపక మఱియొకరిని అడుగుడు. వైద్య కళాశాలలో వైద్యులు బదిలీపై వెళ్లుచుందురు గనుక, వ్యక్తితోపాటు విభాగమునకును మీ కథ తెలియునట్లు అక్కడి ఓ.పి. చీటీలన్నిటిని జాగ్రత్తపరచుడు.

5. ఇద్దరిని కలుపు ఉత్తరమును సంపాదింపుడు

నిపుణుని దర్శనము ముగించి లేచునప్పుడు చీటీ తీసికొని వచ్చినచో సగము పనియే అయినట్లు. దగ్గరి వైద్యుని ఉద్దేశించి ఒక పుటకు మించని ఉత్తరమును అడుగుడు. అందులో నుండవలసినవి ఇవి:

అ) వ్యాధి పేరు, ఆధారము, ప్రస్తుత మందులు, వాని మోతాదులు.

ఆ) ఏ పరీక్షలు, ఎన్ని దినముల కొకసారి చేయింపవలెను.

ఇ) ఏ అంకె ఎంత దాటినను, ఎంత తగ్గినను నిపుణునికి వెంటనే తెలుపవలెను.

ఈ) ఈ రోగికి ఈయగూడని మందులేవి.

ఉ) వాంతులు, విరేచనములు, జ్వరము వచ్చిన దినములలో ఏ మందు ఆపవలెను, ఏది ఎట్టి పరిస్థితిలోను ఆపగూడదు.

చివరి అంశము మిక్కిలి ముఖ్యము. కొన్ని రక్తపోటు మందులను, మూత్రమును హెచ్చించు మందులను విరేచనముల దినములలో తాత్కాలికముగా నిలుపవలసి యుండవచ్చును. అదే స్టెరాయిడ్‌ను హఠాత్తుగా నిలిపినచో ప్రాణాపాయము కలుగవచ్చును. ఈ భేదము అర్ధరాత్రి మీకు గుర్తుండునా? కాగితమునకు గుర్తుండును.

ఈ ఉత్తరము విలువ తెలియుటకు ఒక సందర్భమును ఊహింపుడు. కేసముద్రము ప్రక్కన ఒక ఊరిలో పదునెనిమిదేండ్ల యువకుడు తెల్లవారుసరికి కాళ్లు కదల్పలేక మంచముపైనే యుండిపోయెను. అతనికి డిస్టల్ రీనల్ ట్యూబ్యులర్ అసిడోసిస్ అను వ్యాధి కలదు. మూత్రపిండము ఆమ్లమును సరిగా విసర్జింపలేదు, పొటాషియం మాత్రము మూత్రములో పోవుచుండును. నీరసమని తలచి ఎవరైనను గ్లూకోజు బాటిలు ఎక్కించినచో రక్తములోని పొటాషియం ఇంకను దిగజారి ఊపిరి కండరములు సైతము బలహీనపడవచ్చును. తల్లి చేతిలో నిపుణుని ఉత్తరమున్నది; "బలహీనత వచ్చినచో ముందు పొటాషియం పరీక్ష, ఇ.సి.జి.; గ్లూకోజు వలదు; పొటాషియం సరిచేసిన పిదపనే బైకార్బొనేట్" అని అందున్నది. మహబూబాబాదు ఆసుపత్రిలోని వైద్యుడు ఆ వ్యాధిని ఎన్నడును చూడకపోయినను, ఆ నాలుగు పంక్తులను చదివి సరియైన చికిత్స చేయగలడు. ఇట్టి వ్యాధికి నిత్యము వాడు మందులు ఖరీదైనవియును కావు, ఖరీదైనది తెలియకపోవుటయే.

6. దస్త్రమును క్రమముగా నుంచుడు

పాలిథీన్ సంచిలో మడతలు పడిన కాగితములు తెచ్చి బల్లపై కుమ్మరించినచో, బయట అరువదిమంది వేచియున్న వైద్యుడు వానిలో దేనిని చూడగలడు? ఒక అట్ట ఫైలు కొనుడు. మొదటి పుట సారాంశము: పేరు, వయస్సు, రక్తవర్గము, వ్యాధి, మందులు, పడని మందులు, ఇద్దరు వైద్యుల వివరములు. రెండవది నిపుణుని ఉత్తరము. మూడవది బయాప్సీ లేదా జన్యుపరీక్ష నివేదిక. తరువాత ఒక పట్టిక: తేదీ, బరువు, రక్తపోటు, క్రియాటినిన్, పొటాషియం, మూత్రములో మాంసకృత్తు. మిగిలిన నివేదికలన్నియు తేదీల వరుసలో. ఒక్క అంకె వైద్యునికి నేటి స్థితిని మాత్రమే చెప్పును. పండ్రెండు అంకెల వరుస వ్యాధి ఏ దిశకు పోవుచున్నదో చెప్పును.

పరీక్షల నిమిత్తము ప్రతిసారి నగరమునకు పోనక్కరలేదు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ప్రభుత్వ ఆసుపత్రులలో అనేక పరీక్షలు ఉచితముగా జరుగుచున్నవి. పదునాలుగంకెల ఆభా సంఖ్యను తీసికొనినచో నివేదికలను ఫోనులోను భద్రపరచుకొనవచ్చును. అయినను కాగితపు ప్రతిని పారవేయకుడు.

ఇంట చేయగలిగిన పరీక్షలును కలవు. భూపాలపల్లి గనుల కాలనీలో ఆరేండ్ల పాపకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్నదనుకొనుడు. తల్లి ప్రతి ఉదయము మూత్రములో మాంసకృత్తు పరీక్షించు పట్టీ ముంచి, రంగు చూచి, నోటుబుక్కులో వ్రాసికొనుచున్నది. వరుసగా మూడు దినములు మూడు ప్లస్సులు కనబడినచో వ్యాధి తిరుగబెట్టినదని అర్థము. వాపు రాకమునుపే ఆమె వైద్యుని చేరును. చదువు అంతగా లేని తల్లియైనను చేయగల ఈ పని, పాపను ఎన్నిమారులో ఆసుపత్రి మంచము నుండి తప్పించును. తండ్రి సింగరేణి ఉద్యోగి యైనచో సంస్థ ఆసుపత్రి ద్వారా నగరమునకు రెఫరల్ ఎట్లు పొందవలెనో కూడ ముందే కనుగొనవలెను.

7. ధనము విషయమున ముందే విచారింపుడు

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబమునకు 10 లక్షల రూపాయలకు పెంచినారు. చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, మీ వ్యాధికి, మీకు చెప్పిన చికిత్సకు అది వర్తించునో లేదో అడుగుడు. డబ్బు కట్టిన పిమ్మట అడిగినచో ప్రయోజనము స్వల్పము. పథకము వర్తింపనిచో, చికిత్సకు ముందుగానే ముఖ్యమంత్రి సహాయనిధి నుండి ఎల్.ఓ.సి. (ఆసుపత్రికి చెల్లింపు హామీ పత్రము) పొందు మార్గము కలదు. దానికి ఆసుపత్రి ఇచ్చు ఖర్చు అంచనా పత్రము కావలెను. జాతీయ అరుదైన వ్యాధుల విధానము క్రింద, పట్టికలో నున్న వ్యాధులకు విశిష్ట కేంద్రములో చేయు చికిత్సకు 50 లక్షల రూపాయల వరకు సహాయమునకు అవకాశమున్నది. ఆ విధానములో పాలిసిస్టిక్ మూత్రపిండ వ్యాధికి, ఫాబ్రీ వ్యాధికి చేయు మార్పిడి సైతము పేర్కొనబడినది.

డయాలసిస్ అవసరమైనను ధైర్యము విడువకుడు. ప్రభుత్వ కేంద్రములలో అది ఆరోగ్యశ్రీ క్రింద ఉచితము. మార్పిడి అవసరమని తోచినచో, మరణించిన దాతల అవయవముల కొఱకు 2013లో ఆరంభమై నిమ్స్ కేంద్రముగా నడచు జీవన్‌దాన్ పట్టికలో ఆసుపత్రి ద్వారా పేరు నమోదు చేయించుకొనవచ్చును. ఇచట ఒక హెచ్చరిక: వ్యాధి వంశపారంపర్యమైనచో, మూత్రపిండమీయ వచ్చిన అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను, తల్లిదండ్రులను సైతము ఆ వ్యాధికై పరీక్షించిన తరువాతనే ముందుకు సాగవలెను.

8. అత్యవసరమునకు ముందే ఏర్పాటు చేసికొనుడు

మూత్రము గణనీయముగా తగ్గుట, ఊపిరాడకపోవుట, హఠాత్తుగా బలహీనత, మూర్ఛ, తగ్గని వాంతులు, స్టెరాయిడ్ వాడువారికి తీవ్రజ్వరము: ఈ లక్షణములను గోడమీద వ్రాసి అంటింపుడు. ఏది వచ్చినను 108కి ఫోన్ చేసి, ముందుగా నిశ్చయించుకొనిన దగ్గరి ఆసుపత్రికి ఫైలుతో చేరుడు. నేరుగా హైదరాబాదునకు బయలుదేరి దారిలో ఘడియలు పోగొట్టుకొనుటకంటె, దగ్గరనే ప్రాణము నిలిపించుకొని, అక్కడినుండి వైద్యుని ద్వారానే నగరమునకు తరలుట క్షేమము.

తరచుగా జరుగు పొరపాట్లు

నొప్పి మందులు. ఒడలు నొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేయించుకొనుట మన పల్లెలలో సాధారణము. చెడుచున్న మూత్రపిండమునకు అది ప్రత్యక్ష శత్రువు.

పసరులు, భస్మములు, తెల్లబరచు క్రీములు. పాదరసము వంటి లోహములు కలిసిన నాటుమందులకును, ఒక విధమైన మెంబ్రేనస్ నెఫ్రోపతీకిని గల సంబంధమును భారతీయ వైద్యులు 2022లో ప్రకటించినారు. చర్మమును తెల్లబరచు కొన్ని క్రీముల విషయమున కేరళ వైద్యులును అట్టి అనుభవమునే వెల్లడించినారు. మీరు వాడినచో దాచకుడు. ఏది, ఎంతకాలము వాడితిరో నిపుణునికి చెప్పుడు. ఆ ఒక్క మాట రోగనిర్ణయమునే మార్చవచ్చును.

బాగున్నదని మానుట. వాపు తగ్గినంతనే మందు మానినవారికి వ్యాధి తిరుగబెట్టుట పరిపాటి. అనేక అరుదైన వ్యాధులలో బాగుండుటకు కారణము ఆ మందే.

క్రియాటినిన్ ఒక్కదానినే నమ్ముట. అది మామూలుగా నున్నను మూత్రములో మాంసకృత్తు పోవుచుండవచ్చును. ఆల్పోర్ట్ సిండ్రోమ్ గల బాలునికి ఏండ్ల తరబడి క్రియాటినిన్ చక్కగానే యుండును. కాని రక్షించు మందును ఆరంభింపవలసినది ఆ కాలముననే.

కుటుంబమును పరీక్షింపకుండుట. పెండ్లి సంబంధములు చెడునన్న భయముతో పెక్కుమంది వంశక్రమమును దాచుదురు. మేనరికములలో కొన్ని జన్యువ్యాధుల అవకాశము హెచ్చు. తమ్మునికి, చెల్లెలికి ఒక మూత్రపరీక్ష చేయించుటలో అపకీర్తి యేమున్నది? ముందుగా తెలిసిన వ్యాధికి మందు పనిచేయును. దాచిన వ్యాధికి కాలము పనిచేయును.

చేతి నరములను పాడుచేయుట. భవిష్యత్తులో డయాలసిస్ అవసరపడవచ్చునని చెప్పినచో, మీరు తక్కువగా వాడు చేతి నరములను సూదులకు, సెలైనుకు ఈయక కాపాడుకొనుడు. డయాలసిస్ కొఱకు చేతిలో చేయు ఫిస్టులా నిర్మాణమునకు అవి కావలెను.

ఒంటరిగా నుండకుడు

ఉద్దానము కథ మనకు తెలిసినదే. శ్రీకాకుళము జిల్లాలోని ఆ గ్రామములలో మూత్రపిండ వ్యాధి అరుదైనది కాదు, విస్తారమైనది. అయినను అక్కడి రోగులకు వ్యాధికి తోడు దూరము రెండవ శిక్షగా నుండెను. జనుల వేదన పదిమంది నోట బయటపడి, పత్రికలకెక్కి, శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చిన పిమ్మట డయాలసిస్ కేంద్రములు ఊళ్ల దగ్గరకు వచ్చినవి. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము, ఆసుపత్రి ఆరంభమైనవి. మన మూడు జిల్లాలలో మీ వ్యాధియే గలవారు ఇద్దరు ముగ్గురు మాత్రమే ఉండవచ్చును. కాని నెఫ్రాలజిస్టు అవసరమైనవారు ఎందరో యున్నారు. వారందరు కలిసి, వైద్య కళాశాలలో నెఫ్రాలజిస్టు నిర్ణీత దినమున వచ్చి చూచునట్లు ఏర్పాటు చేయుడని ఆసుపత్రి సూపరింటెండెంటునకు, జిల్లా కలెక్టరునకు వినతిపత్రము సమర్పించుట న్యాయమైన కోరిక. ఒక్కని విన్నపము చీటీగా మిగులును; నూరుగురి విన్నపము ప్రజావాణిలో పలుకును.

ఈ వారములోనే ఆరంభింపుడు

పనులన్నియు ఒక్కమారు తలపై వేసికొనకుడు. నేడు ఫైలు కొని కాగితములను తేదీల వరుసలో పెట్టుడు. రేపు మొదటి పుట సారాంశమును, ఇంట చదువుకొనిన పిల్లలచేత వ్రాయింపుడు. ఈ వారములో ఒకనాడు మీ జిల్లా వైద్య కళాశాల ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓ.పి.కి పోయి, పైన చెప్పిన రీతిగా ఒక వైద్యుని అడుగుడు. తరువాతి నగర ప్రయాణములో నిపుణుని ఉత్తరము లేకుండ తిరిగి రాకుడు.

మీ వ్యాధి అరుదైనది కావచ్చును. దానితో జీవించుటకు కావలసిన క్రమము మాత్రము అరుదైనది కాదు, అది ఎవరికైనను సాధ్యము. వైద్యుడు దొరకలేదని ఇంట కూర్చుండకుడు. అడుగుడు; వ్రాయించుకొనుడు; జాగ్రత్తపరచుడు; మరల అడుగుడు. మీ బిడ్డ ప్రాణము కొఱకు అడుగుట యాచన కాదు, మీ హక్కు.